గుడ్డి పాటగాడికి కళ్ళు గీసిన రోజులు

ప్రిస్సీ, మొన్న వీడియో కాల్‌లో నీ హాస్టల్ గది చూపిస్తానని ఫోన్ గిర్రున తిప్పావు కదా, అప్పుడు నీ మంచం పక్క గోడ మీద ఒక బొమ్మ కనబడింది. లావు లావు గీతలు, పసుపూ ఎరుపూ రంగులు, మధ్యలో కుర్చీలో కూర్చుని గిటారు వాయిస్తున్న నల్లటి మనిషి. "అదేటే, మళ్ళీ చూపించు" అన్నాను. నువ్వు ఫోన్ దగ్గరగా పెట్టి, "బ్లూస్ పోస్టర్ అమ్మమ్మా. అమెరికాలో ఎప్పుడో వందేళ్ళ కిందటి నల్లవాళ్ళ పాటలు. వాటిని మొట్టమొదట పాడినవాళ్ళని జానపద పద్ధతిలో బొమ్మలు గీసి అమ్ముతున్నారు. నీకు తెలీదులే" అన్నావు. "నాకెందుకు తెలీదు, వాళ్ళు మా ట్రాఫిక్‌లో ఉండేవాళ్ళు" అన్నాను. నువ్వు నవ్వావు, ఫోన్‌లో పక్క గడిలోంచి నీ తమ్ముడు అభిగాడూ నవ్వాడు. అమ్మమ్మకి మతి తప్పుతోందనుకున్నారో ఏమో, ఇద్దరూ ఒక్కసారే "మందులు వేసుకుంటున్నావా" అని అడిగారు. వేసుకుంటున్నాను నాన్నా. మతి కూడా బాగానే ఉంది. ఆ పాటగాళ్ళు నిజంగానే ఖరగ్‌పూర్‌లో, ట్రాఫిక్ అని పిలిచే రైల్వే కాలనీలో, మా పక్క క్వార్టర్ వరండాలో ఉండేవాళ్ళు. చెప్తాను వినండి. ఆ చెవుల్లోవి మాత్రం తీసేసి వినండి.

అప్పటికి నాకు ఇంచుమించు నీ వయసే ప్రిస్సీ. మా నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టరు. మాకు ఎర్ర ఇటుకల క్వార్టరు, రెండు గదులు, వెనక వంటిల్లు, ముందు సిమెంటు వరండా. పొద్దున్నే వర్క్‌షాప్ సైరన్ మోగేసరికి వీధి నిండా సైకిళ్ళే. నాన్న హ్యాండిల్‌కి టిఫిన్ క్యారేజీ తగిలించుకుని వెళ్ళాక అమ్మ బొగ్గుల పొయ్యి ఎత్తి వరండా చివర పెట్టి, పొగ పోయేదాకా విసనకర్రతో విసిరేది. ఆ బొగ్గు పొగ, ఎదురింటి బెంగాలీవాళ్ళ ఆవనూనె తాలింపు, మా ఇంటి ఎండు నెత్తళ్ళ వేపుడు, అన్నీ కలిసిపోయి వీధికంతా ఒకటే వాసన ఉండేది. ఇప్పుడు ఈ ఊళ్ళోనే పూరీ గేట్‌లో మన ఇంట్లో గ్యాసూ చిమ్నీ ఉన్నాయి, కంచంలో పడేదాకా కూర ఏమిటో తెలీదు. అప్పుడు వీధి మొదట్లో నిలబడి ఎవరింట్లో ఏం వండుతున్నారో వరసగా చెప్పేసేవాళ్ళం. అమ్మ అయితే అందులో ఉప్పు తక్కువైందో లేదో కూడా చెప్పేది.

ఆ వరండాలో ఒక మూల ఎప్పుడూ మా మామ్మ ఉండేది. మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు ఊళ్ళో పుట్టింది. తాతకి రైల్లో ఉద్యోగం దొరికితే ఆయన వెంట ఇక్కడికి వచ్చింది. వచ్చి ఎన్నేళ్ళయినా తన మాటని మాత్రం రైలెక్కించలేదు, అక్కడి మాటే మాట్లాడేది. చర్చిలో పేరు రెబెక్కమ్మ, ఇంట్లో పేరు పైడమ్మ. చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. అడ్డపొగ అంటారు దాన్ని, మా వైపు ముసలమ్మలు చాలామంది అలాగే కాల్చేవాళ్ళు. పాస్టరుగారు వీధిలో కనబడితే చుట్ట తియ్యడానికి వేళ ఉండేది కాదు, నోరు బిగించి చేతులు జోడించేది. పొగ మాత్రం ముక్కులోంచి వచ్చి ఉన్న సంగతి చెప్పేసేది. అప్పటికే మామ్మ రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయాయి. రైల్వే ఆసుపత్రికి పోదాం రమ్మని నాన్న బతిమాలితే, "దేవుడిచ్చిన కళ్ళు, కత్తెట్టి గీకించుకుంతానేటి? నాకు అగుపడాల్సినోల్లు దగ్గిరికొచ్చి కూకుంతారు" అనేది. అందుకని మామ్మతో మాట్లాడాలంటే ఎవరైనా సరే మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చోవాల్సిందే.

మా వరండాకీ పక్క వరండాకీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడకి అవతల లెస్లీ అంకుల్. ఆంగ్లో ఇండియన్, స్టీమ్ ఇంజిన్ డ్రైవరు, ఒంటరి మనిషి. ఆయనకి తెలుగు నేర్పింది ఆయన దగ్గర బొగ్గు వేసిన తెలుగు ఫైర్‌మన్లు. వాళ్ళు మర్యాదలు నేర్పలేదు, అందుకని మా పాస్టరుగారితో సహా అందర్నీ "నువ్వు" అనేవాడు. మామ్మ ఆయన్ని "దొరా" అనేది, ఆయన మామ్మని "అమ్మా" అనేవాడు. గోడ మీద నుంచి చుట్టలు అటు వెళ్ళేవి, కేకు ముక్కలు ఇటు వచ్చేవి. ఆయన ఇంట్లో తాళం తిప్పే గ్రామఫోన్ ఒకటీ, పాత గుడ్డల్లో చుట్టి పెట్టుకున్న కొన్ని నల్ల ప్లేట్లూ ఉండేవి. పెద్ద యుద్ధం రోజుల్లో కలైకుండా వైపు ఏరోడ్రోమ్‌లో అమెరికా సైనికులు ఉండేవాళ్ళట. వాళ్ళలో ఒక నల్లాయన అప్పుడు కుర్ర ఫైర్‌మన్‌గా ఉన్న అంకుల్‌కి స్నేహితుడయ్యాడు. వెళ్ళిపోతూ తన ప్లేట్లు ఇచ్చేసి, ఒక్కో పాటా పాడింది ఎవరో, వాళ్ళు ఎలా బతికారో చెప్పి వెళ్ళాడు. అంకుల్‌కి తెలిసింది అంతే. ఆ పాటగాళ్ళ ఫొటో ఒక్కటి కూడా ఆయన ఎన్నడూ చూడలేదు.

ఇంజిన్ పక్కన అన్నేళ్ళు గడిపినవాడికి చెవులు ఊరుకుంటాయా? ముందు ఎడమ చెవి పోయింది. ఇంజిన్ మీద నుంచి దింపేసి లోకో షెడ్‌లో కూర్చునే పని ఇచ్చారు. తరవాత కుడి చెవి కూడా మెల్లగా తగ్గుతూ వచ్చింది. డాక్టరు, ఇది ఆగేది కాదు, మెషిన్ పెట్టినా కొన్నాళ్ళే అన్నాడట. అంకుల్ ఉద్యోగం మారినందుకు బాధపడలేదు. మనుషుల మాట వినబడకపోయినా పెద్దగా లెక్కచెయ్యలేదు, "సగం మందికి మాట్లాడేది ఏమీ లేదు" అనేవాడు. పాటలు పోతాయేమోనన్నదే ఆయన దిగులు. సాయంత్రం గ్రామఫోన్ పెట్టె మీద తల ఆన్చి, కుడి చెవి చెక్కకి నొక్కిపెట్టి వినేవాడు. "మేరీ, ఇది చెవిలోంచి పోతే నేను ఎక్కడ పెట్టుకోవాలి?" అని నన్ను అడిగాడొకసారి.

జవాబు ఆ శీతకాలం వీధిలో నడుచుకుంటూ వచ్చింది. పింగ్లా వైపు పల్లెల్లో పటం గీసేవాళ్ళున్నారు, పటువాలంటారు. పొడవాటి కాగితానికి వెనక పాత చీర అతికించి, దాని మీద కథంతా గడులు గడులుగా గీసి, చాపలా చుట్టి చంకలో పెట్టుకుని వస్తారు. ఇంటి ముందు కూర్చుని, ఒక్కో గడీ విప్పుతూ, వేలితో బొమ్మ చూపిస్తూ పాట పాడతారు. పాట అయ్యాక బియ్యమో పాత చీరో ఇచ్చి పంపుతారు. మా వీధికి వచ్చేది రొహిమా దీదీ. ముస్లిం మనిషి, గీసేది మాత్రం పాముల అమ్మవారినీ, చేపల పెళ్ళినీ, కృష్ణుణ్ణీ. హిందువుల ఇళ్ళల్లో రమ అని చెప్పేది. ట్రాఫిక్‌లో తిరిగి తిరిగి తెలుగు కూడా పట్టేసింది.

"ఒక్క మనిసికి రెండు పేర్లేటే నీకు?" అని మామ్మ ఎప్పుడూ ఎత్తిపొడిచేది.

"నీకు లేవా మాసీ? చర్చిలో ఒకటి, చుట్ట దగ్గర ఒకటి" అనేది రొహిమా దీదీ.

"ఓలమ్మో, దీనికి నా గుట్టు ఎవులు సెప్పినారు!" అని మామ్మ నన్ను గిల్లేది.

ఆ రోజు దీదీ మా మెట్ల మీద పాముకాటుకి పోయిన మొగుణ్ణి పడవ మీద తీసుకెళ్ళిన ఆవిడ పటం విప్పి పాడుతోంది. అంకుల్ గోడకి అవతల నిలబడి చూస్తున్నాడు. దీదీది సన్నటి గొంతు, అది ఆయన చెవికి అందే గొంతు కాదు. కానీ ఆయన కళ్ళు దీదీ వేలు వెంటే నడిచాయి. వేలు పడవ మీద నిలిచినప్పుడు ఆయనా నిలిచాడు, వేలు కిందికి జారి ఆవిడ ఏడుపు దగ్గరికి వచ్చేసరికి టోపీ తీసేశాడు. పాట అవగానే గోడ మీద నుంచి వంగి నా భుజం పట్టుకుని ఊపేశాడు. "మేరీ! నాకు చెవిలో ఏమీ రాలేదు. ఒక్క ముక్క రాలేదు. కానీ పాట వచ్చింది! వేలు చెప్పింది! నా పాట కూడా ఇలా గియ్యాలి అని చెప్పు. బేగి చెప్పు, అది వెళ్ళిపోతోంది!"

వెళ్ళిపోవడం ఏమిటి, దీదీ అప్పటికి అమ్మ ఇచ్చిన ముడి తింటోంది. ముడి అంటే మరమరాలేలే. నేను సంగతంతా బెంగాలీలో చెప్పాను. ఆవిడ తాపీగా నమిలి మింగి, "ముఖాలు చూపించమను" అంది. ముఖాలు లేవు, గొంతులే ఉన్నాయి అన్నాను. "నేను అమ్మవారి ముఖం మాత్రం చూశానా? పాట ఉంటే చాలు. మాకు ముందు పాట, తరవాతే గీత. పాట రాకుండా కుంచె పట్టుకుంటే మా నాన్న వేళ్ళ మీద కొట్టేవాడు" అంది.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, అంకుల్ గ్రామఫోన్ తెచ్చి మా వరండాలో స్టూలు మీద పెట్టేవాడు. దీదీ చాప మీద, చుట్టూ కొబ్బరి చిప్పల్లో రంగులు. పసుపు కొమ్ము నూరిన పసుపు, చిక్కుడాకు పసరు, శంఖుపూల నీలం, అన్నిట్లోనూ మారేడుకాయ జిగురు. ఎండకి ఆ జిగురు వాసన తియ్యగా వచ్చేది, చీమలు వరస కట్టేవి. ఒక్కొక్క పాటగాడికి ఒక్కో పెద్ద కాగితం, సర్కస్ వచ్చినప్పుడు గోడలకి అంటించే బొమ్మంత ఉండాలని అంకుల్ పట్టుబట్టాడు. "నా మనుషులు చిన్న మనుషులు కాదు" అన్నాడు. నల్లరంగు దగ్గర దీదీ ఆలోచనలో పడింది. దీపం మసితో చేసే నలుపు గీతలకీ జుట్టుకీ సరిపోతుంది గానీ, ఒళ్ళంతా నింపాలంటే ఎన్ని దీపాలు కావాలి? మర్నాడు అంకుల్ లోకో షెడ్ నుంచి ఒక డబ్బా నిండా ఇంజిన్ మసి తెచ్చాడు. దీదీ దాన్ని గుడ్డలో వడగట్టి జిగురులో కలిపితే, కొత్త గొడుగు గుడ్డలా నిగనిగలాడింది. ఆ పాటగాళ్ళ ఒళ్ళంతా మన ఖరగ్‌పూర్ ఇంజిన్ మసే తెలుసా!

పాట మాట మాటా అంకుల్‌కి కంఠతా వచ్చు. ఆయన ఇంగ్లీషులో చెప్పేవాడు, నేను బెంగాలీలో చెప్పేదాన్ని, దీదీ దాన్ని తన పాటగా కట్టుకునేది. మొదటి ప్లేటు మౌతార్గాన్ వాయించేవాడిది. నోటితోనే రైలు బండిని నడిపించేవాడు. అది మా వీధిలో పెద్ద తగువైంది. అమ్మ వంటింట్లోంచే "పాసింజరు" అంది. ఎదురింటి దాదా వచ్చి మెయిల్ అన్నాడు. మామ్మ చెయ్యెత్తి అందర్నీ ఆపి, "మీ మొకాలు! గూడ్సు బండది, బరువుతోటి ఎత్తెక్కతన్నాది, ఇనబడతన్నేదా ఆ రొప్పు?" అంది. అంకుల్ కళ్ళు పెద్దవి చేసి, "అమ్మా, కరెక్ట్! గూడ్స్!" అని గోడ మీద చరిచాడు. దీదీ ఆ మనిషి నోట్లోంచి పొగలా గూడ్సు బండి బయటికి వస్తున్నట్టు గీసింది. ఇంజిన్‌కి కూడా పెద్ద కళ్ళు పెట్టింది.

రెండోది ఒక పెద్దావిడ పాట. లావు మనిషనీ, ఆవిడ గొంతెత్తితే హాలు వెనక వరసలో దీపాలు కూడా వణికేవనీ ఆ సైనికుడు చెప్పాడట. దీదీ గోలబజార్‌లో చేపలమ్మే ఆవిణ్ణి మనసులో పెట్టుకుని గీసింది. బూట్లూ గౌనూ బాగానే వేసింది గానీ, ముక్కుకి ఇంత ముక్కుపుడక పెట్టేసింది.

"ఇది ఏటి? వాళ్ళకి ముక్కుపుడక లేదు" అన్నాడు అంకుల్.

"ఇంత గొంతున్న మనిషి ముక్కు బోసిగా ఉంటే బాగుంటుందా సాహెబ్? జనం నవ్వరూ?" అంది దీదీ.

అంకుల్ నా వైపు చూశాడు, నేను మామ్మ వైపు చూశాను. "ఉండనీ దొరా, ఆడకూతురు కదా, ముచ్చటపడతాది" అంది మామ్మ. ముక్కుపుడక ఉండిపోయింది.

బొమ్మలు మొదలవక ముందు మామ్మ ఇలా లేదులెండి. "ఆదివారం పూట ఏటీ దెయ్యం పాటలు?" అని మొహం అటు తిప్పుకుని కూర్చునేది. మార్చింది గుడ్డి పాటగాడు. అంకుల్‌కి అందరికంటే ఇష్టమైన ప్లేటు అది. పుట్టుగుడ్డి, వీధి మలుపుల్లో గిటారు వాయిస్తూ, అడుగుల చప్పుడు విని మనుషుల్ని పోల్చుకుంటూ పాడేవాడట. ఒకచోట మాటలు వదిలేసి, నోరు మూసుకుని ఊరికే మూలుగుతాడు. ఆ మూలుగు వినబడగానే మామ్మ నోట్లో చుట్ట తీసేసింది. "పడవ ఒడ్డుకి రాకపోతే మా ఊళ్ళో ఆడోల్లు ఇలాగే ఏడుత్తారు. మాటలుండవు మరి. ఏటని సెప్తారు?" అంది. ఆ తరవాత మొహం తిప్పుకోలేదు.

గొడవ వచ్చింది కూడా ఆ గుడ్డివాడి దగ్గరే. పటువాలకి ఒక పద్ధతి ఉంది. బొమ్మంతా అయ్యాక, పాటంతా ఒకసారి పాడి, అప్పుడు ఆఖర్న కళ్ళు పెడతారు. కళ్ళు పెట్టాకే బొమ్మకి ప్రాణం. ఆ ఆదివారం దీదీ గిటారు గీసింది, కుర్చీ గీసింది, తీగల మీద వేళ్ళు ఎంత బాగా గీసిందో చెప్పలేను. తను కట్టిన పాట పాడి, కుంచె ముంచి, చెవుల దాకా సాగిన రెండు పెద్ద కళ్ళు, మధ్యలో నల్లటి కనుపాపలు, చకచకా పెట్టేసింది. గుడ్డివాడు లోకాన్నంతా కళ్ళప్పగించి చూస్తున్నాడు!

అంకుల్ బొమ్మ మీదికి వంగి తల అడ్డంగా ఊపాడు. తరవాత, "ఇది వాడు కాదు" అన్నాడు. "వాడు చూడలేదు. చూడలేదు కాబట్టే అలా పాడాడు. కళ్ళు మూసెయ్యమను."

"మూసిన కళ్ళు మేము శవానికి గీస్తాం. శవం చేతికి గిటారు ఇవ్వమంటాడా?" అంది దీదీ.

"అయితే కళ్ళు వద్దు. ఖాళీగా వదిలెయ్యమను."

దీదీ కుంచె చిప్పలో పడేసింది. "కళ్ళు లేని బొమ్మ మా చేతుల్లోంచి బయటికి పోదు. అలాంటి బొమ్మ పెట్టుకున్న ఇంటివాడికే చూపు పోతుందని మా పెద్దలు చెప్తారు. చెవులు పోతున్నాయి సరే, ఈ మనిషికి కళ్ళు కూడా పోవాలా?" అంది. ఆ మాట నేను అంకుల్‌కి చెప్పలేకపోయాను. నేను చెప్పకపోయేసరికి ఆవిడ మొండితనం చేస్తోందనుకుని ఆయన తన క్వార్టర్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. దీదీ ఆ కాగితం చుట్టేసి, చిప్పలు సర్దుకుని వెళ్ళిపోయింది.

చలి పోయింది, ఎండలు మొదలయ్యాయి, దీదీ రాలేదు. గూడ్సు బండి మనిషీ ముక్కుపుడకావిడా అంకుల్ వరండా గోడ మీద ఉన్నారు, వాళ్ళ మధ్య ఒక బొమ్మంత జాగా తెల్లగా ఉండిపోయింది. అంకుల్ మాత్రం రోజూ గుడ్డివాడి ప్లేటే పెట్టేవాడు. పెట్టి పెట్టి అది అరిగి, పాట కంటే గరగర ఎక్కువైంది. ఒక సాయంత్రం నేను గోడ మీద బియ్యం చేట పెట్టుకుని ఏరుతున్నాను. ఆయన ప్లేటు పెట్టి, పెట్టె మీద చెవి ఆన్చి, కాసేపయ్యాక తలెత్తి, "మేరీ, మొదలైందా?" అని అడిగాడు. అప్పటికి పాట సగం అయిపోయింది. నేను తలూపాను. ఆయన మళ్ళీ చెవి ఆన్చాడు. నేను లోపలికి వెళ్ళి మామ్మ పక్కన కూర్చుని ఏడ్చాను. మామ్మకి చెప్పక్కర్లేదు, అన్నీ వింటూనే ఉంది కదా. "ఆ గుంట దీదీ గాజన్ తిరనాళ్ళకి వొత్తాది. వొత్తే నా కాడికి తే" అంది.

చైత్రం చివర్లో శివుడికి చేసే గాజన్ తిరనాళ్ళు. ఊళ్ళన్నీ తిరిగే పటువాలు అప్పుడు తప్పకుండా వస్తారు. రొహిమా దీదీ మా వీధిలోకి రాలేదు గానీ, గోలబజార్‌లో కనబడింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. అంకుల్ తన వరండాలోనే ఉన్నాడు, ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు.

"ఇలా రాయే. నా ముందర కూకో. ఇంకా దగ్గిరికి" అంది మామ్మ. దీదీ మోకాళ్ళు తగిలేలా కూర్చుంది. "నాకు కల్లున్నాయా, నేవా?"

"ఉన్నాయి మాసీ."

"మూసున్నాయా, తెరిసున్నాయా?"

"తెరిచే ఉన్నాయి."

"నాను నిన్ను సూత్తన్నానా?"

దీదీ ఆ కళ్ళలోకి వంగి చూసింది.

"నేదు, సూత్తన్నేను. ఎర్రగా ఏదో అగుపడతాది, అది నీ సీర అనుకుంతాను. గుడ్డోడికి కల్లుండవని ఎవులు సెప్పినారే మీకు? సూపు నేదు గానీ, కల్లు దేవుడు అందరికీ ఎట్టినాడు. దొర సదువుకున్నాడు, నువ్వు బొమ్మలేత్తావు, ఇద్దరికీ బుర్రల్లేవు. ఇన్నాళ్ళు నా ఎదురుగా కూకుని దెబ్బలాడుకున్నారు గానీ, నా మొకం ఒకరూ సూసినారు కాదు. నా కల్లు సూసి గియ్యి."

నేను అంకుల్‌కి ఇంగ్లీషులో చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయనకి వినబడలేదు గానీ, మామ్మ వేలు తన కళ్ళ వైపు చూపించడం చూశాడు, అది చాలు.

దీదీ మామ్మ గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. మామ్మ ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుంది, చుట్ట తీసి కొంగున ముడేసుకుంది, నేను దాన్ని ఆర్పడానికి పరుగెత్తాను. దీదీ బొమ్మ మళ్ళీ మొదటి నుంచి కొత్త కాగితం మీద గీసింది. ఆఖర్న తన పద్ధతి ప్రకారం పాటంతా పాడి, శంఖం పొడి తెలుపులో శంఖుపూల నీలం ఒక్క చుక్క కలిపింది. చెవుల దాకా సాగిన కళ్ళే, బాగా తెరిచిన కళ్ళే. కనుపాపలు మాత్రం మబ్బు వెనక చంద్రుడిలా ఉన్నాయి. అచ్చంగా మామ్మవి. ఆ కళ్ళు మన వైపే ఉన్నాయి గానీ మనల్ని చూడటం లేదు, వింటున్నాయి.

అంకుల్ గోడ దాటి ఆ బొమ్మ దగ్గరకి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొమ్మని చూశాడు, మామ్మని చూశాడు, మళ్ళీ బొమ్మని చూశాడు. "అమ్మా, నువ్వు నా పాటలోకి వచ్చేశావు" అన్నాడు.

"వొచ్చినాను గానీ, పాస్టరు బాబుకి సెప్పకు" అంది మామ్మ.

అందరం నవ్వాం. దీదీ ఆయన చూపుడు వేలు పట్టుకుని బొమ్మ మీద పెట్టింది. బూట్ల దగ్గర మొదలుపెట్టి, మడమతో తాళం వేసే కాలు, గిటారు, తీగల మీద వేళ్ళు, నోరు, కళ్ళు, అలా ఏ మాటకి ఏ చోటో ఒక్కొక్కటే చూపించింది. ఆయన వెంటనే పట్టుకున్నాడు. ఇంజిన్ డ్రైవరు కదా, ఏ సిగ్నల్ దగ్గర ఏం చెయ్యాలో ఒకసారి చూస్తే చాలు. ఆ తరవాత ప్రతి శీతకాలం దీదీ వచ్చేది, మిగిలిన ప్లేట్లవాళ్ళని కూడా గీసింది. ఆ వరండా చూడటానికి వేరే కాలనీల నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. బెంగాలీ పిల్లలూ తెలుగు పిల్లలూ ఆ పాటలు మాటలు తెలీకుండానే పాడుకుంటూ స్కూలుకి వెళ్ళేవాళ్ళు.

మీకు ఇప్పుడు ఏ పాట కావాలన్నా వేలితో ఒక్కసారి తాకితే వచ్చేస్తుంది, అది నాకు వింతగానూ ఉంటుంది, సంతోషంగానూ ఉంటుంది. నేనూ వింటున్నాను కదా, అభి నేర్పాడు. కాకపోతే మీ పాట మీ చెవుల్లోనే ఉండిపోతుంది, పక్కవాడికి తెలీదు. ఆ రోజుల్లో ఒక్క పాట వినాలంటే ఒకరు తాళం తిప్పాలి, ఒకరు మాట చెప్పాలి, ఒకరు గియ్యాలి, అది గూడ్సా పాసింజరా అని వీధంతా పోట్లాడుకోవాలి. ఏది మంచిదంటే చెప్పలేను. నాకు రెండూ చూసే అదృష్టం దొరికింది, అంతే. ఆ పోస్టర్లు ఇప్పుడు నా దగ్గర లేవు. ముక్కుపుడకావిణ్ణి ఒక వానాకాలం గోడ చెమ్మ తినేసింది. మిగతావి అంకుల్ పోయాక ఆయన మేనకోడలు ప్రేమగా పట్టుకెళ్ళింది. ఎక్కడున్నా ఆ ఇంజిన్ మసి వెలిసే రకం కాదు.

స్టీమ్ ఇంజిన్లు పోయి డీజిళ్ళు వచ్చాయి, కరెంటు బండ్లు వచ్చాయి. అంకుల్ రిటైరై ఈ పూరీ గేట్ వైపే ఒక గది అద్దెకి తీసుకున్నాడు. మామ్మ నిద్రలోనే హాయిగా వెళ్ళిపోయింది. నాకు పెళ్ళయి, మీ అమ్మ పుట్టింది. దానికి ఇంకా ఏడాది నిండని రోజుల్లో, ఒక మధ్యాహ్నం దాన్ని ఎత్తుకుని అంకుల్‌ని చూడటానికి వెళ్ళాను. అప్పటికి ఆయన రెండు చెవులూ పూర్తిగా మూసుకుపోయాయి, పిడుగు పడినా తెలీదు. మమ్మల్ని చూసి ఎంత సంబరపడ్డాడో. ఇంటికి వచ్చినవాళ్ళకి పాట వినిపించకపోతే మర్యాద కాదని గ్రామఫోన్ తుడిచి, తాళం తిప్పి, గుడ్డివాడి ప్లేటు పెట్టాడు. అది మధ్యకి వచ్చేసరికి ఒకచోట ముల్లు గాడి తప్పి జర్రున జారి చివరికి పోయింది. పాట అయిపోయింది. ఇక కిర్ కిర్ మని అరుపే.

ఆయనకేం తెలుసు? గోడ మీద బొమ్మ ముందు నిలబడి, బూట్ల దగ్గర వేలు పెట్టి పాడుతున్నాడు. తన గొంతు తనకి వినబడక బాగా గట్టిగా పాడుతున్నాడు, రాగం ఎటో పోయింది. కానీ ఆగాల్సిన చోట ఆగుతున్నాడు, సాగదియ్యాల్సిన చోట సాగదీస్తున్నాడు, ఒక్క మాట తప్పటం లేదు. వీధిలో రిక్షా అతను బండి ఆపి కిటికీలోంచి చూశాడు. మీ అమ్మ నా ఒళ్ళో కదలకుండా నోరు తెరుచుకుని వింటోంది. ఆయన వేలు ఇంకా గిటారు దగ్గరే ఉంది, ఆ మూలుగు ఇంకా రావాలి. నేను మెల్లగా లేచి ముల్లు ఎత్తేసి, వచ్చి కూర్చున్నాను.